వాన తగ్గాకే నీళ్ళొచ్చాయి

నవంబర్ నెల వచ్చిందంటే పొద్దున లేవగానే నేను ఫోన్‌లో చూసేది పెన్న మీదున్న సోమశిల డ్యామ్ నీటిమట్టం. డ్యామ్‌లో ఎంత ఉంది, పైనుంచి ఎంత వస్తోంది, కిందికి ఎంత వదులుతున్నారు. మబ్బు సంగతి తర్వాత. ఈ అలవాటు నాకు చెన్నైలో పట్టింది, కచ్చితంగా చెప్పాలంటే 2015 డిసెంబర్ 1 రాత్రి పట్టింది. ఇప్పుడు నెల్లూరు పక్కన కోవూరులో ఉంటున్నా అది వదల్లేదు.

మేం 2009 నుంచి 2016 దాకా చెన్నైలో ఉన్నాం. మా ఆయనకు గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం. అక్కడికి నడిచి పోయేంత దూరంలో ఈకాట్టుతాంగల్‌లో కింది పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. మా నెల్లూరు వాళ్ళకి చెన్నై అంటే పరాయి ఊరు అనిపించదు. 170 చిల్లర కిలోమీటర్లు, పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి పని చూసుకుని రాత్రికి ఇంటికి రావచ్చు. ఆసుపత్రికైనా, పెళ్ళి చీరలకైనా, ఉద్యోగానికైనా ముందు గుర్తొచ్చేది అదే. ఏడేళ్ళు ఉన్నాను కానీ ఆ పేటకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఒక్కసారి కూడా అడగలేదు. తాంగల్ అంటే తమిళంలో చిన్న చెరువు అని వరద తర్వాత మిద్దె మీద అక్క చెప్పింది. పక్కనే అడయార్ ఏరు. కాశీ థియేటర్ దగ్గర బ్రిడ్జి మీద రోజూ దాటేవాళ్ళం, వాసనకి ముక్కు మూసుకునేవాళ్ళం. అది ఏరన్న సంగతే మాకు తోచలేదు, మురుక్కాలవ అనుకున్నాం.

ఆ ఏడు దీపావళి దాటాక వానలు పట్టుకున్నాయి. ఇక్కడ మా జిల్లాలోనూ అంతే, అక్కడా అంతే. స్కూళ్ళకు సెలవు మీద సెలవు. నవంబర్ మధ్యలో మా వీధిలో మోకాలి కింద దాకా నీళ్ళొచ్చి ఒక్క రోజులో పోయాయి. దాంతో మాకు ధైర్యం వచ్చేసింది. ఇంతకంటే ఏముంటుందిలే అని. ఆ ధైర్యమే మమ్మల్ని ముంచింది.

డిసెంబర్ 1 మంగళవారం. తెల్లవారుజాము నుంచి ఒకటే వాన. సాయంత్రానికి కరెంటు తీసేశారు, రాత్రికి ఫోన్లు కూడా కలవడం మానేశాయి. మా అత్తమ్మ కంటి పరీక్ష కోసం కోవూరు నుంచి వచ్చి ఉంది, మా పాపకి అప్పుడు ఐదేళ్ళు. రాత్రి పదకొండు ప్రాంతంలో వాన జోరు తగ్గింది. "తెరిపిచ్చింది, ఇంక పడుకోండి" అని అత్తమ్మే అనింది. వీధిలో చీలమండల దాకా నీళ్ళున్నాయి, గడప దాటలేదు. పడుకున్నాం.

ఒంటి గంటన్నర దాటాక బాత్రూమ్‌లోంచి గుడగుడమని చప్పుడు. కొవ్వొత్తి పట్టుకుని పోయి చూస్తే నేల మీద జాలీలోంచి నల్లటి నీళ్ళు బుడగలు బుడగలుగా పైకి వస్తున్నాయి. పైపు ఎక్కడో అడ్డుకుందేమో అనుకుని పాత తువ్వాలు కుక్కి దాని మీద రుబ్బురాయి పొత్రం పెట్టాను. నేను చూస్తుండగానే ఆ తువ్వాలు ఉబ్బి పొత్రం పక్కకి దొర్లింది. ఇప్పటికీ నాకు ఆ వరద గుర్తొస్తే ముందు కనిపించేది ఆ పొత్రమే. నీళ్ళు వీధిలోంచి రావడం తర్వాత, ముందు ఇంటి కడుపులోంచి వచ్చాయి. వాన చూస్తే సన్నగా జల్లు పడుతోంది, అంతే. మరి ఈ నీళ్ళెక్కడివి?

హాల్లోకి వచ్చేసరికి చీలమండ, పాపని లేపేసరికి మోకాలు. మిద్దె మీద అక్క మెట్ల మీదికి దిగొచ్చి టార్చి వేసి "ముందు పిల్లని ఇవ్వు, పిల్లని ఇవ్వు" అని తమిళంలో అరుస్తోంది. పాపని ఇచ్చాను, అత్తమ్మని మా ఆయన రెక్క పట్టుకుని ఎక్కించాడు. నా చేతికి దొరికింది హ్యాండ్ బ్యాగు ఒక్కటే. మళ్ళీ లోపలికి పోదామంటే తలుపు నీళ్ళ బరువుకి తెరుచుకోలేదు. మంచం కింద గోధుమ రంగు సూట్‌కేసు ఉండిపోయింది. అందులో మా ఇద్దరి సర్టిఫికెట్లు, ఆయన పాస్‌పోర్టు, నాయన నా పేరున రాసిచ్చిన ఇంటి స్థలం దస్తావేజు, పెళ్ళి ఆల్బమ్. మెట్ల మీద నిలబడి వింటుంటే లోపల ఫ్రిజ్ పడిన శబ్దం, తర్వాత గ్యాస్ సిలిండర్ తేలుతూ గోడకి డంగు డంగుమని కొట్టుకుంటున్న శబ్దం. దాని రెగ్యులేటర్ తీశానా లేదా అని రాత్రంతా టెన్షన్.

తెల్లారేసరికి తొమ్మిది మెట్లు మునిగాయి. ఆ రెండు గదుల్లో పన్నెండు మందిమి రెండు రాత్రులు ఉన్నాం. అక్క వాళ్ళింట్లో బియ్యం ఉంది, గ్యాస్ ఉంది, తాగే నీళ్ళు లేవు. మిద్దె పైన గిన్నెలు పెట్టి వాన నీళ్ళు పట్టాం. రెండో రోజు పడవలో వచ్చిన కుర్రాళ్ళు, ఎవరో ఏమిటో ఈనాటికీ తెలీదు, నీళ్ళ సీసాలు, బ్రెడ్డు అందించి పోయారు. అర లీటరు పాల ప్యాకెట్ వంద రూపాయలకి అమ్మినవాళ్ళనీ చూశాను, పాపకి పాలు లేవంటే తన ఇంట్లో ఉన్న ఒక్క ప్యాకెట్టూ గోడ మీద నుంచి అందించిన పక్కింటి ముసలామెనీ చూశాను. విమానాశ్రయం మూతపడింది, రైళ్ళు ఆగిపోయాయి. కోవూరులో మా నాయనకి రెండు రోజులు మా కబురే లేదు. ఆయన టీవీలో సైదాపేట బ్రిడ్జి మీద నుంచి నీళ్ళు పోవడం చూసి అన్నం ముట్టలేదని అమ్మ తర్వాత చెప్పింది.

నీళ్ళెక్కడివో తర్వాత తెలిసింది. పైన చెంబరంబాక్కం చెరువు ఉంది. చెరువంటే మన ఊరి చెరువు కాదు, 24 అడుగుల లోతు, మూడున్నర టీఎంసీలకు పైన పట్టే జలాశయం. అది దాదాపు నిండిపోయి ఆ రోజు వదిలే నీళ్ళు పెంచుకుంటూ పోయారు, చివరికి 29,000 క్యూసెక్కులకు చేరింది. అవన్నీ అడయార్ లోకే. ఒక్క చెంబరంబాక్కం మీదే తోసెయ్యడం కూడా న్యాయం కాదు. ఆ 24 గంటల్లో తాంబరంలో 49 సెంటీమీటర్ల వాన పడింది, ఆ చుట్టుపక్కల చెరువులన్నీ పొంగి అవి కూడా ఈ ఏట్లోకే దిగాయి. ఏరేమో ఇళ్ళతో, గోడలతో, చెత్తతో ఇరుకైపోయి ఉంది. ఇన్ని నీళ్ళు పట్టక అది పక్కకి పొర్లింది, మా డ్రైనేజీ పైపు ఏట్లోకి పోవాల్సింది పోయి ఏరే పైపులోంచి మా బాత్రూమ్ లోకి వచ్చింది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక 2018లో తమిళనాడు అసెంబ్లీ ముందుకు వచ్చింది, అందులో దీన్ని మనుషుల వల్ల జరిగిన విపత్తు అనే రాశారు.

నా బాధ ఒక్కటే. నీళ్ళు వదలక తప్పదు, చెరువు తెగితే ఇంకా ఘోరం, అది ఒప్పుకుంటాను. కానీ మా వీధికి ఒక్క మనిషి వచ్చి చెప్పలేదు. మా నెల్లూరు పల్లెల్లో చెరువు నిండి కలుజు పారుతోందంటే ఊరంతా తెలుస్తుంది, కట్ట మీదికి పోయి చూసొచ్చేవాళ్ళుంటారు, దండోరా వేస్తారు. అంత పెద్ద నగరంలో సాయంత్రం ఆరు గంటలకు ఒక ఆటోకి మైకు కట్టి "మిద్దె ఎక్కండి" అని చెప్పి ఉంటే ఆ సూట్‌కేసు నా చేతిలో ఉండేది. సూట్‌కేసు పోతే పోయింది, మా పక్క వీధిలో మంచం మీద నుంచి లేవలేని ఒక పెద్దాయన నిద్రలోనే పోయాడు. ఆయన్ని తల్చుకుంటే నాకిప్పటికీ కోపం వస్తుంది.

మూడో తారీఖు సాయంత్రానికి నీళ్ళు దిగాయి. వరద వచ్చాక ఇల్లు కడగడం ఎలాగో ఎవరూ నేర్పరు, అందుకే రాస్తున్నాను. ముందు మెయిన్ స్విచ్ ఆపేసి ఉందో లేదో చూసుకోవాలి, కరెంటు వచ్చిందని సంతోషపడి స్విచ్ వెయ్యకూడదు. మేం ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డులన్నీ విప్పి ఆరబెట్టేదాకా పది రోజులు కొవ్వొత్తులతోనే ఉన్నాం. బురద తడిగా ఉన్నప్పుడే తోసెయ్యాలి, ఎండితే సిమెంటు లాగా పట్టేస్తుంది. మా బురదలో ఫ్యాక్టరీల ఆయిల్ కూడా కలిసి ఉంది, చేతికి అంటితే సబ్బుకి పోదు. జిడ్డుగా, నల్లగా, కుళ్ళిన గుడ్ల వాసన. పరుపు ఎత్తాలంటే నలుగురు మనుషులు కావాల్సి వచ్చింది. ప్లైవుడ్ బీరువా, టీవీ స్టాండు, పాప రాసుకునే బల్ల అన్నీ ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయాయి. మిగిలినవి ఇనుము, స్టీలు, రాయి. రుబ్బురాయి ఎక్కడున్నది అక్కడే ఉంది. గోడ మీద గీత ఐదడుగుల ఎత్తున, స్కేలు పెట్టి గీసినట్టు. సంపులో నీళ్ళు మూడు సార్లు తోడి పోసి బ్లీచింగ్ కలిపి కడిగితే గానీ వాసన పోలేదు. నా పెళ్ళి పట్టుచీర మాత్రం బకెట్‌లో ఎన్ని నీళ్ళు మార్చినా నలుపే దిగుతూ ఉంది, ఆరో బకెట్‌కి నేనే ఆపేశాను.

స్కూటీ సంగతి రెండు మాటల్లో చెప్తాను. నీళ్ళలో మునిగిన బండిని స్టార్ట్ చెయ్యకూడదు. పక్కింటాయన ఆత్రంగా కిక్ కొట్టాడు, ఇంజన్‌లోకి నీళ్ళు లాగేసింది. మేం కదపకుండా ఫోటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్ళు పంపిన మనిషి వచ్చేదాకా ఆగాం. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్ళకి పైసా రాలేదు, మాది ఫుల్ పాలసీ కాబట్టి రిపేరు ఖర్చులో చాలా వరకు వచ్చింది.

అసలు పని కాగితాలది. సూట్‌కేసు తెరిస్తే లోపల సగం నీళ్ళు. కాగితాలన్నీ ఒకదానికొకటి అతుక్కుని పెసరట్టు మడత లాగా ఉన్నాయి. మా ఆయన లాగబోయాడు, పైది చినిగింది. అప్పుడు మిద్దె మీద అక్క, ఆమె లైబ్రరీలో పనిచేసి రిటైరయింది, చెయ్యి పట్టుకుని ఆపింది. ముందు ఆ కట్టని అలాగే పళ్ళెంలో పెట్టి మంచి నీళ్ళు మెల్లగా పోసి బురద పోనిచ్చింది. రుద్దలేదు, వేలు కూడా పెట్టలేదు. తర్వాత అంచున నీళ్ళు పోస్తూ ఉంటే ఒక్కో కాగితం దానంతటదే విడిపోయింది. విడినదాన్ని తెల్ల నూలు పంచె మీద పరిచి, పైన ఇంకో పంచె కప్పి, అరచేత్తో అద్దాలి. న్యూస్ పేపర్ మీద పెట్టకూడదు, ఆ అక్షరాల సిరా వీటికి అంటుకుంటుంది. ఎండలో పెట్టకూడదు, వంకర్లు పోయి పెళుసెక్కుతాయి. ఆమె పడగ్గది నేలంతా నాలుగు రోజులు మా కాగితాలే, మేం అంచుల మీద అడుగులేసుకుంటూ నడిచాం.

అచ్చు వేసిన అక్షరాలు నిలిచాయి. ఇంకు పెన్నుతో రాసినవి, సంతకాలు, రబ్బరు ముద్రలు కరిగిపోయాయి. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు, మార్కులు అన్నీ ఉన్నాయి, హెడ్మాస్టర్ సంతకం ఉన్న చోట నీలం మరక మాత్రం మిగిలింది. అన్నిటికంటే దారుణం లామినేషన్ చేసినవి. భద్రంగా ఉంటాయని మా ఆయన డిగ్రీ సర్టిఫికెట్‌కి లామినేషన్ చేయించాం. అంచులోంచి నీళ్ళు లోపలికి పోయాయి, బయటికి రావడానికి దారి లేదు. వారం తిరక్కుండా లోపల బూజు పట్టింది. దయచేసి సర్టిఫికెట్లకి లామినేషన్ చేయించకండి.

మళ్ళీ తెచ్చుకోవడం ఒక్కోదానికి ఒక్కో దారి. వరదలో పాడైన పాస్‌పోర్టులకి అప్పుడు ఫీజు లేకుండా కొత్తవి ఇచ్చారు, మా ఆయనది సులువుగానే వచ్చింది. పోయిన కాగితాల కోసం చెన్నైలో ప్రత్యేక క్యాంపులు కూడా పెట్టారు, తమిళనాడు కార్డులు ఉన్నవాళ్ళకి అవి బాగా ఉపయోగపడ్డాయి. మావి ఆంధ్రావి కాబట్టి ఊరికి రావాల్సి వచ్చింది. స్థలం దస్తావేజు గురించి నేను ఏడ్చినంత దేనికీ ఏడవలేదు, చివరికి అదే అన్నిటికంటే తేలిక. రిజిస్టర్ ఆఫీసులో దస్తావేజు నంబరు, సంవత్సరం చెప్పి ఫీజు కడితే సర్టిఫైడ్ కాపీ ఇచ్చేశారు. అందుకే ఆ నంబరూ సంవత్సరమూ వేరే చోట రాసి పెట్టుకోండి, చాలు. పదో తరగతిది మాత్రం చదివిన స్కూలుకి పోయి హెడ్మాస్టర్ ద్వారా దరఖాస్తు, నోటరీ అఫిడవిట్, చలానా. ఒక ఆఫీసులో పాడైన సర్టిఫికెట్ చూపిస్తే "పోయినట్టు పోలీసు కాగితం తెండి" అన్నారు. "పోలేదు సార్, ఇదిగో ఉంది, మునిగింది" అంటే, మునిగినదానికి తమ ఫారంలో గడి లేదన్నారు. చెన్నైకీ కోవూరుకీ మధ్య ఐదు సార్లు తిరిగాను. ఆ చివరి బస్సులో కోయంబేడు దగ్గర దిగుతూ అనుకున్నాను, ఇంక ఊరికి వచ్చేద్దామని. 2016 వేసవిలో వచ్చేశాం.

ఒక మాట ఎప్పుడూ నా మనసులో తిరుగుతుంటుంది. శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణా నీళ్ళు, మా పెన్న నీళ్ళు కలిసి సోమశిలకి, అక్కణ్ణించి కండలేరు జలాశయానికి, కండలేరు నుంచి 152 కిలోమీటర్లు కాలువలో పోయి తమిళనాడు సరిహద్దుకి, అది దాటి పూండి జలాశయానికి చేరతాయి. తెలుగుగంగ అంటే అదే, 1983 నాటి ఒప్పందం, 1996 నుంచి నీళ్ళు పోతున్నాయి. పూండి నుంచి చెంబరంబాక్కానికీ కాలువ ఉంది. అంటే ఎండాకాలం ఈకాట్టుతాంగల్‌లో నేను కొళాయి కింద పట్టుకున్న బిందెలో మా ఊరి పక్క నీళ్ళే ఉండి ఉంటాయి. నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయో తెలుసుకోకుండా ఏడేళ్ళు తాగాను. ఇప్పుడు మాత్రం అడక్కుండా ఉండలేను.

2020లో నివర్ తుఫాను వచ్చినప్పుడు అక్క ఫోన్ చేసింది. చెంబరంబాక్కం చెరువు 22 అడుగులకు రాగానే, ఇంకా నిండక ముందే, పగటి పూట, ముందే చెప్పి వెయ్యి క్యూసెక్కులతో మొదలుపెట్టారంట. "ఈసారి చెప్పారు" అని ఆమె అంటుంటే గొంతు వణికింది.

తర్వాతి ఏడాది వంతు మాది. 2021 నవంబర్ 19 ఉదయం కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిందని టీవీలో వచ్చింది. చెయ్యేరు పోయి కలిసేది పెన్నలో, పెన్న వచ్చేది సోమశిలకి, సోమశిల అప్పటికే నిండుగా ఉంది. నాకు వెన్నులో చలి పుట్టింది. మా పిన్నమ్మ వాళ్ళు పెన్న ఒడ్డున వెంకటేశ్వరపురంలో ఉంటారు. ఫోన్ చేశాను.

"పిన్నమ్మా, కాగితాలు, మాత్రలు, రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని వచ్చెయ్యండి."

"ఏందమ్మే, ఇక్కడ వాన తగ్గిపోయింది. ఎండ కూడా వస్తా ఉండాది."

"వాన తగ్గాకే వస్తాయి నీళ్ళు. నా మాట విను."

బాబాయ్ ఒప్పుకోలేదు. "నలభై ఏళ్ళుగా ఉండాం ఈడ, పెన్న మాకు తెలీదా" అన్నాడు. పిన్నమ్మ మాత్రం సంచి తీసుకుని ఆటోలో వచ్చేసింది. నేను గంటగంటకీ సోమశిల లెక్క చూసి బాబాయ్‌కి ఫోన్‌లో చదివి వినిపించాను, మొదట విసుక్కున్నాడు, తర్వాత ఊ కొట్టాడు, చీకటి పడ్డాక మా తమ్ముడు బండి మీద పోతే మాట్లాడకుండా ఎక్కి కూర్చున్నాడు. ఆ ఏడు పెన్నలో ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి, కోవూరుకీ నెల్లూరుకీ మధ్య హైవే తెగింది. పిన్నమ్మ వాళ్ళింట్లో నడుముల లోతు. వంటింట్లో గోడ మీద గీత చూసి నేను చేత్తో కొలిచాను, చెన్నైలో మా గీత కంటే రెండు జానలు తక్కువ.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను రెండు చోట్లా తగిలింది. 4వ తేదీన చెన్నైని ముంచింది, వేళచ్చేరి, పళ్ళికరణై, ముడిచ్చూరు వైపు మళ్ళీ పడవలు తిరిగాయి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. పళ్ళికరణై అంటే పెద్ద చిత్తడి నేల, దక్షిణ చెన్నై నీళ్ళన్నీ పోయి నిలవాల్సిన చోటు. అందులో చాలా భాగం పూడ్చి అపార్ట్‌మెంట్లు కట్టేశారు, ఇంక నీళ్ళు ఎక్కడ నిలవాలి? ఆ తర్వాత ఏడాది వాన హెచ్చరిక రాగానే వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద జనం కార్లు వరసగా తెచ్చి పెట్టుకున్న ఫోటోలు చూశాను. వాళ్ళ భయం నాకు తెలుసు. మన నెల్లూరులో కూడా వాన పడితే చాలు, రైలు కట్ట కింద మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి నిండిపోతుంది. కాలవల మీద కట్టిన ఇళ్ళు ఇక్కడ మాత్రం లేవా? "మా అబ్బాయికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది, ఇల్లు చూసి పెట్టమ్మా" అని నన్నెవరైనా అడిగితే నేను అడిగేవి మూడే. ఆ పేటకి పాత పేరేంటి, 2015లో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయి, మిద్దె పోర్షన్ ఉందా. ఇల్లు చూపించే బ్రోకర్‌ని కాకుండా ఆ వీధిలో ఇస్త్రీ బండి పెట్టుకున్న అతన్ని అడగమంటాను.

2021 వరద తగ్గి ఇల్లు కడుక్కున్నాక పిన్నమ్మ వాళ్ళు వెళ్ళిపోతుంటే, ఆమె సంచి మర్చిపోయిందని వెనక నుంచి పిలిచాను. ఆమె చెప్పులు వేసుకుంటూ, "దాన్ని నీ దగ్గరే ఉండనియ్యమ్మా, కావాలంటే వచ్చి తీసుకుంటాం" అనింది. అది ఇప్పుడు మా మిద్దె గదిలో అటక మీద, మా కాగితాల డబ్బా పక్కనే ఉంది.